తీర్పులో లేని శిక్ష

నేరం చేసినవారికి శిక్ష విధించడం న్యాయస్థానం పని. ఆ శిక్ష ఎవరికో, ఎన్నేళ్లో తీర్పులో స్పష్టంగా ఉంటుంది. కాని తీర్పులో పేరు లేకపోయినా శిక్ష అనుభవించేవారు కొందరున్నారు. వారు ఖైదీల పిల్లలు.

సంపాదించే తండ్రి జైలుకు వెళితే ఇల్లు గడవడం కష్టమవుతుంది. తల్లి కూలికి పోతుంది. చంటిబిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్ల బడి మానేస్తుంది. వకీలు ఫీజుకూ, జైలుకు వెళ్లి చూసి రావడానికీ అప్పులు చేయాల్సి వస్తుంది. 2022 చివరి నాటికి దేశంలోని ఖైదీలలో నూటికి సుమారు 75 మంది విచారణలో ఉన్నవారే. అంటే పెద్దల నేరం రుజువు కాకముందే పిల్లల కష్టాలు మొదలవుతున్నాయి.

తల్లే జైలులో ఉంటే ఆరేళ్ల లోపు బిడ్డ ఆమెతో ఉండవచ్చు. ఆర్.డి. ఉపాధ్యాయ్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన కేసులో 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఈ పిల్లల కోసం కొన్ని నియమాలు చెప్పింది. వారిని ఖైదీలుగా చూడరాదు. వారికి తగిన ఆహారం, వైద్యం, శిశుసంరక్షణ కేంద్రం ఉండాలి. జనన ధ్రువపత్రంలో పుట్టినచోటు జైలు అని రాయకూడదు. ఆరేళ్లు నిండాక బిడ్డను తల్లి కోరిక మేరకు తగినవారికి అప్పగించాలి, లేదా సాంఘిక సంక్షేమ శాఖ వసతిగృహంలో ఉంచాలి. వసతిగృహంలో ఉన్న బిడ్డకు వారానికి ఒకసారైనా తల్లిని చూపించాలి.

కాగితం మీద రాయరాదన్న మాటను లోకం మాత్రం నోటితో అంటూనే ఉంది. "జైలుకు పోయినవాడి కొడుకు" అని వీధిలో వేలెత్తి చూపుతారు. తరగతిలో పెన్సిల్ పోతే ముందు ఆ పిల్లవాడి సంచే వెతుకుతారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

నేరానికి బలైన కుటుంబాన్ని వదిలి నేరస్థుడి కుటుంబానికి సాయమెందుకని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నలో బాధ ఉంది. బాధితులకు పరిహారం అందాలి, అందుకు చట్టంలో పథకమూ ఉంది. కాని ఒక బిడ్డకు అన్నం పెట్టడం మరొక బిడ్డ కంచంలోది తీయడం కాదు. పైగా ఆదరణ లేని పిల్లలు తప్పుదారి పడితే నష్టపోయేది సమాజమే.

సాయానికి దారులు లేకపోలేదు. 2022లో మహారాష్ట్రలోని ఎరవాడ జైలులో ఖైదీలకు కుటుంబ అవసరాల కోసం 50,000 రూపాయల వరకు సహకార బ్యాంకు రుణమిచ్చే పథకం మొదలైంది. జైలులో పనిచేసి సంపాదించిన కూలితో ఖైదీ ఆ అప్పు తీర్చుకుంటాడు. జైలులో ఉన్నా ఇంటి బాధ్యత మోయడానికి ఇది అవకాశమిస్తుంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత విద్య 2009 చట్టం ఇచ్చిన హక్కు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది.

అయితే చట్టం బడి గేటు వరకే తీసుకురాగలదు. లోపల పక్కన చోటివ్వవలసింది తోటి పిల్లలు. ఇంటి సంగతులు పదిమందిలో అడగకుండా, బడికి రానినాడు కబురు పంపవలసింది ఉపాధ్యాయులు. పండుగనాడు ఆ ఇంటి తలుపు తట్టవలసింది ఇరుగుపొరుగు. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. న్యాయమూర్తి విధించని శిక్షను వీధి విధించకుండా ఉంటే, ఆ పిల్లల భారం సగం తగ్గుతుంది.