ఆ కంప మీదికి జేసీబీ తోలొద్దు!

సిద్ధవటం, అట్లూరు, బద్వేలు చుట్టుపక్కల పల్లెల రైతన్నలకు, మేకల కాపరులకు, అక్కచెల్లెళ్లకు, చదువుకునే పిల్లలకు,

లంకమల కొండల దిగువన, మన చేలకూ అడవికీ నడుమ ముళ్లకంప ఉంది చూడండి, కలివికోడి అనే పక్షి తావు అదే. ఈ భూమి మీద అది ఉన్నట్టు తెలిసిన తావులు బహు తక్కువ. ఒక అడవిలో పులి పోతే ఇంకో అడవి నుంచి తెచ్చి వదులుకోవచ్చు. కలివికోడి పోతే తెచ్చుకోవడానికి ఏ జూలోనూ ఒక్కటి కూడా లేదు.

దాని కథ మన పెద్దవాళ్లకు తెలిసిందే, పిల్లల కోసం మళ్లీ చెబుతున్నాం. 1848లో జెర్డాన్ అనే దొర, వృత్తికి డాక్టరు, ఈ పక్షిని లోకానికి ఎరుకపరిచాడు. 1900లో ఒకసారి కనబడి ఆ తర్వాత ఎనభై ఏళ్లు దాటినా జాడ లేదు. ఇక లేదనే అనుకున్నారు. బొంబాయి నుంచి పక్షుల శాస్త్రవేత్తలు వచ్చి, దాని బొమ్మ పట్టుకుని ఊరూరా అడిగారు. ఆనవాలు పట్టింది ఇక్కడి వేటగాళ్లే. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టి చూపిందీ మనవాడే. పట్టిన పక్షి బతకలేదు. కానీ దానివల్లే లంకమల అభయారణ్యం వచ్చింది, 1988లో కలివికోడి తపాలాబిళ్ల మీదికీ ఎక్కింది. పెద్ద చదువులు చదివినవాళ్లకు దొరకనిది మనవాళ్లకు దొరికిందంటే, దాన్ని కాపాడటం కూడా మనకే చేతనవుతుందని మా నమ్మకం.

కౌజుపిట్టంత ఉంటుంది. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, కంటిపైన తెల్లటి చార, పొడుగాటి లేతరంగు కాళ్లు. పగలు కనిపించదు. పొద్దుగూకి మసక పడ్డాక కాసేపు రెండు ముక్కల కూత ఒకటి అదే పనిగా కూస్తుంది, తర్వాత అంతా నిశ్శబ్దం. వెలుగు పడితే ఎగరకుండా నాలుగడుగులు పరుగెత్తి కదలకుండా నిలబడిపోతుంది. అందుకే దాన్ని వెతికేవాళ్లు పొదల మధ్య మెత్తటి మట్టిని చాళ్లుగా పరిచి, తెల్లారి అడుగుజాడలు చూసుకునేవాళ్లు. ఏళ్ల తరబడి అది కూడా దొరకలేదు. ఆశ వదులుకుంటున్న వేళ 2025 ఆగస్టులో, మన ఆంధ్రలోనే, పక్షులు చూసేవాళ్లు దాని కూతను రికార్డు చేశారు. ఇంకా ఉంది!

ఉంది కాబట్టే ఈ కరపత్రం.

దానికి దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. కలివి, రేగు, చండ్ర పొదలు అక్కడక్కడా ఉండి, పొదకూ పొదకూ మధ్య నడవడానికి సందుండాలి. ఆ సందుల్లోనే చెదలు, చీమలు, పురుగులు ఏరుకుని తింటుంది. మన రికార్డుల్లో ఆ నేలకు పనికిరాని పోరంబోకు అని పేరు. ఆ పేరు చూసుకునే ఒకడు ట్రాక్టర్లతో గరుసు తోలుకుపోతాడు, ఇంకొకడు కంప పీకించి నిమ్మో చీనీయో పెడతాడు, మంచి మనసున్న మరొకడు పచ్చదనం పేరుతో వేల మొక్కలు నాటిస్తాడు. చెప్పుకోవడానికి వింతగా ఉంటుంది గానీ, అక్కడ నాటిన తోపు కూడా కలివికోడికి గొడ్డలితో సమానమే. మొక్కలు నాటండి. ఊరి వీధుల్లో నాటండి, చెరువు గట్టున నాటండి, కంపలో వద్దు.

మేకల కాపరుల మీద మాకు ఫిర్యాదు లేదు. మేకలు మితంగా మేస్తేనే ఆ పొదల సందులు పూడకుండా ఉంటాయి. ఒకేచోట వందల మేకలను రోజూ తోలితేనే చేటు. వంటకు నాలుగు ఎండుపుల్లలు తెచ్చుకునే అమ్మల మీదా లేదు. లారీలకు కట్టె కొట్టించేవాళ్ల మీద ఉంది.

అభివృద్ధి ఆపమంటారా అని అడిగేవాళ్లుంటారు. తెలుగుగంగ కాలువ తవ్వుతూ తవ్వుతూ కలివికోడి తావులోకి వచ్చినప్పుడు కూడా ఇదే మాట విన్నాం. చివరికి కాలువ దారి మార్చారు. కాలువా పోలేదు, నీళ్లూ పోలేదు. అప్పుడు వీలైంది ఇప్పుడెందుకు కాదు?

అందుకని అడుగుతున్నాం. మీ సరిహద్దు కంపలో జేసీబీ కనిపిస్తే, ఎవరిదైనా సరే, ఫొటో తీసి బీటు ఆఫీసరుకు, తహసీల్దారుకు ఆ రోజే చెప్పండి. ఉపాధి పనుల్లో అక్కడ కందకాలు, గుంతలు తవ్వబోతే మేటును నిలదీయండి. కుందేళ్లకు, కౌజులకు పన్నే ఉచ్చుల్లో ఏది పడుతుందో పన్నినవాడికి కూడా తెలియదు, పన్నొద్దు. కలివికోడి చట్టంలో మొదటి షెడ్యూలు పక్షి, వేటాడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. కూత విన్నామనిపిస్తే దగ్గరికి పోవద్దు, టార్చీ వేయొద్దు. ఫోన్లో ఆ కూత రికార్డు చేసి అటవీ శాఖకు ఇవ్వండి, చోటు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. శివరాత్రికి లంకమల్లేశ్వరుడి దగ్గరికి పోయేవాళ్లు బండి దారి తప్పి పొదల్లోకి తోలకండి, మైకులు కట్టకండి, వండుకున్న పొయ్యి ఆర్పి రండి.

వచ్చే గ్రామసభకు తప్పకుండా రండి. మన పంచాయతీ పరిధిలోని కంప భూమిని తోటలకు గానీ, గరుసు క్వారీకి గానీ, ప్లాట్లకు గానీ ఇవ్వకూడదని తీర్మానం పెడుతున్నాం. చేతులెత్తేవాళ్లు కావాలి. సర్పంచి ఆలోచిద్దాం అని దాటేస్తే, అక్కడే కూర్చుందాం.

ఈ కాగితం చదివాక పారేయకండి, పక్క ఊరివాళ్లకు ఇవ్వండి.

ఇట్లు,
లంకమల కింది పల్లెల ప్రజలు