రెండు సీట్లు, ఒక సంతకం

2020 అక్టోబరులో డొనాల్డ్ ట్రంప్ కోవిడ్‌తో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో చేరినప్పుడు, బయట నిలబడి విలేకరులకు ఆయన ఆరోగ్యస్థితి వివరించిన శ్వేతసౌధ వైద్యుడు షాన్ కాన్లీ. ఆయన పేరు పక్కన ఎం.డి. అని కాక డి.ఓ. అని ఉండటం అప్పట్లో కొందరికి వెక్కిరింతకు పనికొచ్చింది. అధ్యక్షుడికి అసలైన డాక్టరే దొరకలేదా అన్నారు. ఆ తరువాత వచ్చిన జో బైడెన్ వైద్యుడు కెవిన్ ఓకానర్ కూడా డి.ఓ. పట్టభద్రుడే. రెండోసారి గెలిచిన ట్రంప్‌కు వైద్యుడిగా వచ్చిన షాన్ బార్బబెల్లా కూడా అంతే. ప్రపంచంలో అత్యంత శక్తిమంతమైన పదవిలో ఉన్న వ్యక్తి నాడి వరుసగా ముగ్గురు ఆస్టియోపతిక్ వైద్యుల చేతుల్లో ఉంది. అయినా అమెరికాలోని తెలుగు ఇళ్లలో కూతురికి డి.ఓ. కళాశాలలో సీటు వచ్చిందన్న కబురు వినగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న మారలేదు: "ఎం.డి. రాలేదా?"

గుంటూరులోని అమ్మమ్మ అయితే "హోమియోపతీయా తల్లీ?" అని అడుగుతుంది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. భారతదేశంలో ఆస్టియోపతీ ఆయుష్ జాబితాలో లేదు. బ్రిటన్‌లో 1993 నాటి చట్టం కింద నమోదయ్యే ఆస్టియోపతులు ఎముకలూ కండరాలూ సరిచేసే చికిత్సకులే తప్ప మందులు రాసే వైద్యులు కారు. అమెరికాలో మాత్రం డి.ఓ. అంటే పూర్తిస్థాయి వైద్యుడు. శస్త్రచికిత్స చేయవచ్చు, ఏ మందైనా రాయవచ్చు, ఏ రాష్ట్రంలోనైనా లైసెన్సు పొందవచ్చు. మన దగ్గర ఎం.డి. అనేది ఎంబీబీఎస్ తరువాతి పై చదువు. అక్కడ అదే మొదటి వైద్య పట్టా, డి.ఓ. దాని సమాంతరం. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల ఎన్ని కుటుంబాలలో పండుగ జరగవలసిన రోజు పరామర్శగా మారిందో!

ఈ సమాంతర స్థానం ఊరికే రాలేదు. ఆస్టియోపతీని స్థాపించిన ఆండ్రూ టేలర్ స్టిల్ కాన్సాస్ ప్రాదేశిక శాసనసభలో కూర్చున్నవాడు, బానిసత్వ వ్యతిరేకి. 1864లో మెనింజైటిస్ ఆయన పిల్లలు ముగ్గురిని పొట్టనబెట్టుకుంది. నాటి వైద్యం మీద నమ్మకం పోయిన ఆయన 1892లో మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో మొదటి కళాశాల తెరిచాడు. ఎముకల అమరికతోనే రోగాలన్నీ కుదురుతాయన్న తొలినాటి సిద్ధాంతం నిలవలేదు. నిలిచింది ఆ కళాశాలల పట్టుదల. అవి శరీరశాస్త్రాన్నీ, ఔషధశాస్త్రాన్నీ, శస్త్రచికిత్సనూ పూర్తిగా తమలో కలుపుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో డి.ఓ.లను సైనిక వైద్యాధికారులుగా తీసుకోని రక్షణశాఖ, వియత్నాం యుద్ధం ముదిరిన 1966లో రాబర్ట్ మెక్‌నమారా ఆదేశంతో తలుపు తెరిచింది. అంతకు నాలుగేళ్ల ముందు కాలిఫోర్నియాలో ఒక వింత జరిగింది. 65 డాలర్లు కట్టిన డి.ఓ.లకు ఎం.డి. పట్టా ఇచ్చేసి, ఇక కొత్త డి.ఓ.లకు లైసెన్సులు ఇవ్వబోమన్నారు. నిన్నటిదాకా నాటువైద్యుడన్న మనిషి 65 డాలర్లకే ఆధునిక వైద్యుడైపోతే, ఆ తేడా శాస్త్రానిదా, సంఘాల పెత్తనానిదా? కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1974లో ఆ నిషేధాన్ని తొలగించింది.

మన దేశంలో 2020 నవంబరులో ఆయుర్వేద పీజీ విద్యార్థులకు కొన్ని శస్త్రచికిత్సలు చేసే అనుమతి ఇస్తూ వచ్చిన నోటిఫికేషన్‌నూ, దానిపై డిసెంబరులో ఐఎంఏ చేసిన సమ్మెనూ గుర్తు చేసుకుంటే పోలిక తెలుస్తుంది. అక్కడ ఆస్టియోపతీ తన పాఠ్యాంశాన్నీ పరీక్షనూ శిక్షణనూ మార్చుకొని హక్కు అడిగింది. ఇక్కడ హక్కు ముందు రాజపత్రంలో వచ్చింది, శిక్షణ మాట తరువాత చూద్దామన్నారు.

ఇక సీటు సంగతి. టెక్సస్‌లోని ప్లేనోలో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. అమ్మాయి అక్కడే పుట్టి పెరిగిన పౌరురాలు. ఆమె చేతిలో రెండు డి.ఓ. సీట్లున్నాయి. ఒకటి ఫోర్ట్ వర్త్‌లోని టెక్సస్ కాలేజ్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్, రాష్ట్ర ప్రభుత్వ కళాశాల. మరొకటి సముద్రతీర నగరంలో కొత్తగా వెలసిన ఒక ప్రైవేటు కళాశాల: అద్దాల భవనం, సిమ్యులేషన్ ల్యాబ్, విదేశీ వైద్య శిబిరాల ఫొటోలు. అమ్మాయి మనసు రెండోదాని మీద ఉంది. తండ్రి ర్యాంకులు వెతుకుతున్నాడు. డెబ్బైలలో గుంటూరు మెడికల్ కాలేజీ నుంచి వచ్చి ఒహాయోలోని చిన్న ఊళ్లో స్థిరపడిన పెదనాన్న "ఎక్కడైతేనేం, డాక్టరవుతుంది కదా" అంటున్నాడు. ముగ్గురూ అసలు ప్రశ్నకు కొంచెం దూరంగానే ఉన్నారు.

అసలు ప్రశ్న 2025 జులై 4న మారింది. ట్రంప్ ఆనాడు సంతకం చేసిన భారీ బడ్జెట్ చట్టం, 2006 నుంచి అమల్లో ఉన్న గ్రాడ్ ప్లస్ రుణాలను కొత్త విద్యార్థులకు 2026 జులై 1 నుంచి రద్దు చేసింది. అంతవరకు వైద్య విద్యార్థి చదువుకూ తిండికీ ఇంటి అద్దెకూ ఎంత ఖర్చయితే అంత మొత్తం ఫెడరల్ ప్రభుత్వం దగ్గరే అప్పు తీసుకోగలిగేది. ఇకపై వైద్య విద్యార్థికి ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం మీద 2 లక్షల డాలర్లు. అంతే.

ఈ రెండు అంకెలను ఆ రెండు సీట్ల పక్కన పెట్టాలి. ఫోర్ట్ వర్త్‌లో టెక్సస్ వాసికి ట్యూషన్ ఏడాదికి సుమారు 13 వేల డాలర్లు. ఇతర ఫీజులూ బీమా అద్దే కలిపినా ఖర్చు 50 వేల లోపు సర్దుకోవచ్చు. ప్రైవేటు కళాశాలల్లో ట్యూషన్ ఒక్కటే 60 వేలు దాటడం ఇప్పుడు మామూలు. తీర నగరంలో బతకడానికి మరో 25 వేలు వేసుకుంటే ఏడాదికి 85 వేలు. ఫెడరల్ రుణం పోగా 35 వేల లోటు, నాలుగేళ్లకు లక్షా 40 వేలు. దాన్ని ప్రైవేటు బ్యాంకు దగ్గర, తండ్రి హామీ సంతకంతో తేవాలి. ప్రభుత్వ, లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో పదేళ్లు పనిచేస్తూ వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ అప్పును మాఫీ చేసే పథకం ఒకటుంది. రెసిడెన్సీ కాలం కూడా అందులో లెక్కకు వస్తుంది. ప్రైవేటు అప్పుకు ఆ పథకం వర్తించదు. అంటే గ్రామీణ వైద్యమో పిల్లల వైద్యమో చేయాలన్న కోరికతో చేరిన అమ్మాయి, ఎక్కువ జీతమిచ్చే స్పెషాలిటీ వైపు తిరగవలసిన ఒత్తిడి ఆ తండ్రి సంతకంతోనే మొదలవుతుంది.

రిపబ్లికన్ల వాదన ఒకటుంది. హద్దులేని ఫెడరల్ రుణమే కళాశాలలను ఫీజులు పెంచుకోనిచ్చిందనీ, కొళాయి కడితే ఫీజులు దిగుతాయనీ వారంటారు. ఈ వాదనలో మొదటి సగం కొట్టిపారేయదగినది కాదు. ఎంతైనా అప్పు దొరుకుతుందన్న ధీమా లేకుండా అన్ని కొత్త కళాశాలలు అంత ఫీజుతో వెలిసేవా? 2008లో కొలరాడోలో తరగతులు మొదలుపెట్టిన రాకీ విస్టా, 1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక తరువాత లాభార్జన కోసం అమెరికాలో పుట్టిన తొలి వైద్య కళాశాల. అదీ ఆస్టియోపతిక్ గుర్తింపుతోనే వచ్చింది. కానీ రెండో సగం వట్టి ఆశ. ఫీజు దిగేలోగా చేరవలసిన విద్యార్థి ఏం కావాలి? హామీ సంతకం పెట్టగల తండ్రి లేని ఇంటి బిడ్డ సీటు చేతిలో ఉండీ వెనక్కి తగ్గాలి. ప్లేనో కుటుంబానికి ఇది లెక్కల తలనొప్పి. మిసిసిప్పీలోని ఒక నల్లజాతి కుటుంబానికో, ఓక్లహోమాలోని ఒక ఆదివాసీ కుటుంబానికో ఇది మూసిన తలుపు. చెరకీ జాతి ప్రభుత్వంతో కలిసి ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయం 2020లో తాలెక్వాలో తెరిచిన డి.ఓ. ప్రాంగణం లాంటివి ఏ పిల్లల కోసం పుట్టాయో, ఆ పిల్లలకే ఈ పరిమితి ఎక్కువ తగులుతుంది.

డబ్బు తరువాత చూడవలసింది భవనం కాదు, మూడో ఏడు. వైద్య విద్యలో మొదటి రెండేళ్లూ పాఠాలు; మూడు, నాలుగు ఏళ్లు ఆసుపత్రులు. చాలా డి.ఓ. కళాశాలలకు సొంత బోధనాసుపత్రి లేదు. విద్యార్థులను ఒప్పందాలున్న ఊళ్లకు పంపుతాయి. కొన్నిచోట్ల అది గొప్ప శిక్షణే: చిన్న ఆసుపత్రిలో రెసిడెంట్ల గుంపు ఉండదు, సర్జన్ పక్కన నేరుగా నిలబడే అవకాశం విద్యార్థికే దక్కుతుంది. మరికొన్నిచోట్ల ఒక డాక్టరు క్లినిక్‌లో మూలన కూర్చుని నెల గడపడమే శిక్షణ. మూడో ఏట ఎవరిని ఏ ఊరికి పంపుతారు, లాటరీయా, ఆ ఆసుపత్రిలో రెసిడెన్సీ కార్యక్రమం ఉందా, మొదటి బోర్డు పరీక్ష మొదటి ప్రయత్నంలో ఎందరు గట్టెక్కారు, చేరినవారిలో ఎందరు నాలుగేళ్లలో బయటపడ్డారు: ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పని కళాశాలకు డిపాజిట్ కట్టకపోవడమే మేలు. ఇంకా ఒక్క తరగతి కూడా పట్టభద్రులై బయటికి రాని కళాశాల దగ్గర ఈ జవాబుల్లో సగం ఉండనే ఉండవు.

ఎం.డి., డి.ఓ. రెసిడెన్సీలకు వేర్వేరుగా ఉన్న గుర్తింపు వ్యవస్థలు 2020 జూన్ నాటికి ఒక్కటయ్యాయి. ఇప్పుడు అమెరికా వైద్య విద్యార్థుల్లో నలుగురిలో ఒకరికి పైగా డి.ఓ. కళాశాలల్లోనే చదువుతున్నారు. చివరి ఏడాది డి.ఓ. విద్యార్థుల్లో 92 శాతానికి పైగా రెసిడెన్సీ పొందుతున్నారు, ఎం.డి. విద్యార్థులతో తేడా స్వల్పమే. తేడా కనిపించేది డెర్మటాలజీ, న్యూరోసర్జరీ, ప్లాస్టిక్ సర్జరీ లాంటి చోట్ల. చాలామంది డి.ఓ. విద్యార్థులు తమ కామ్లెక్స్ పరీక్షతో పాటు ఎం.డి.లు రాసే యూఎస్ఎంఎల్ఈ కూడా రాస్తున్నారు. ఒకే పనికి రెండు పరీక్షలు, రెండు ఫీజులు. ఈ అనవసర భారాన్ని తీసేయడానికి చట్టం కూడా అక్కరలేదు, రెండు సంస్థలు కూర్చుని మాట్లాడుకుంటే చాలు. కూర్చోవు.

వీటన్నిటి వెనుక అసలు గొంతుబిగువు 1997 నాటిది. క్లింటన్ కాలంలో వచ్చిన బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ చట్టం మెడికేర్ సొమ్ముతో నడిచే రెసిడెన్సీ స్థానాలకు పరిమితి పెట్టింది. 2020 చివర కాంగ్రెస్ వెయ్యి స్థానాలు కలిపింది, అవీ ఏడాదికి 200 చొప్పున. కళాశాలలు మాత్రం ఆగలేదు. ఆ ఇరుకులో ముందుగా బయటికి నెట్టివేయబడుతున్నది విదేశాల్లో చదివినవారు. అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో రెసిడెన్సీ దొరుకుతున్నది 60 శాతానికి లోపే. కాకినాడ రంగరాయలో ఎంబీబీఎస్ చదివి హైదరాబాద్ అద్దె గదిలో యూఎస్ఎంఎల్ఈకి చదువుతున్న కుర్రవాడూ, ప్లేనో అమ్మాయీ రేపు ఒకే ఇంటర్నల్ మెడిసిన్ స్థానం కోసం దరఖాస్తు పెడతారు. ఒహాయో పెదనాన్న వచ్చిన రోజుల్లో ఆ స్థానం ఖాళీగా ఉండేది. 1965 వలస చట్టం మన డాక్టర్లకు తలుపు తెరిచింది. అమెరికాలో చదివినవారు వెళ్లని ఊళ్లకు మన డాక్టర్లు వెళ్లారు, డి.ఓ.లూ వెళ్లారు. అదే ఆయన మాటలోని ధీమాకు మూలం. ఆ కాలం వేరు.

కనుక ఫోర్ట్ వర్త్ సీటు తీసుకోవాలి. తీర నగరం అందమైనదే. కానీ లక్షా 40 వేల డాలర్ల ప్రైవేటు అప్పుతో కొనవలసినంత అందమైనది కాదు. ఆ ప్రైవేటు కళాశాలకు బలమైన ఆసుపత్రీ, పాత రికార్డూ, చెప్పుకోదగ్గ స్కాలర్‌షిప్పూ ఉంటే లెక్క మారవచ్చు. సిమ్యులేషన్ ల్యాబ్ వల్ల మాత్రం మారదు.

అదే వీధిలో మరో ఇల్లుంటుంది. అక్కడి అబ్బాయి రెండేళ్ల వయసులో విజయవాడ నుంచి తల్లి ఒడిలో వచ్చాడు. తండ్రి హెచ్‌-1బీ మీద ఉన్నాడు. దేశానికి 7 శాతం పరిమితి వల్ల గ్రీన్‌కార్డు వరుస కదలక, 21 ఏళ్లు నిండగానే ఆ అబ్బాయి హెచ్‌-4 హోదా ముగిసి విదేశీ విద్యార్థిగా మారాడు. అతనికి ఫెడరల్ రుణం ఒక్క డాలరు కూడా రాదు. విదేశీ విద్యార్థుల దరఖాస్తు తీసుకునే వైద్య కళాశాలలే తక్కువ; తీసుకున్నవాటిలోనూ కొన్ని కొన్నేళ్ల ఫీజును ముందుగా బ్యాంకులో చూపించమంటాయి. ప్లేనో అమ్మాయి కన్నా అతని మార్కులు ఎక్కువే కావచ్చు. ఆమె వదులుకునే రెండో సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న మరొకరికి వెళుతుంది. ఆ జాబితాలో అతని పేరు ఉండే అవకాశం చాలా తక్కువ.