మాస్టారి కోసం మళ్లీ మోగిన బ్యాండు

విడిపోయినవాళ్లంతా క్లైమాక్సులో కలుసుకోవడం సినిమాల్లోనే జరుగుతుందని పెదవి విరిచేవాళ్లున్నారు. వాళ్లు ‘థండర్ సోల్’ చూడాలి. 2010 నాటి ఈ డాక్యుమెంటరీలో ఒక్కరూ నటులు కారు!

కథాస్థలం కాష్మియర్ హైస్కూలు. మన కాశ్మీరు కాదండోయ్, అమెరికాలోని హ్యూస్టన్! అక్కడి నల్లజాతి పిల్లలకు సంగీతం మాస్టారు కాన్రాడ్ జాన్సన్. 1967లో ఓటిస్ రెడ్డింగ్ కచేరీ చూసొచ్చాక ఆయనకో ఆలోచన తట్టింది. పాత జాజ్ బాణీలకు అలవాటుపడ్డ స్కూలు బ్యాండు చేత హుషారైన ఫంక్ వాయిస్తే? ఇంకేముంది! శాక్సఫోన్లు, ట్రంపెట్లు, డ్రమ్ములు హోరెత్తాయి. పిల్లలు వాయిస్తూనే చిందులేశారు. పోటీల్లో పెద్ద పెద్ద బ్యాండ్లను చిత్తు చేశారు. ఏకంగా ఎనిమిది ఆల్బమ్‌లు రికార్డు చేశారు. బడి పిల్లలు సుమా!

1978లో మాస్టారు రిటైరయ్యారు. శిష్యులు ఉద్యోగాల్లో, సంసారాల్లో పడిపోయారు.

2008 వచ్చేసరికి మాస్టారికి 92 ఏళ్లు. జుట్టు నెరిసిన శిష్యులు సుమారు ముప్ఫైమంది ఆయన కోసం మళ్లీ ఒకచోట చేరారు. కొందరైతే దశాబ్దాలుగా వాయిద్యం ముట్టనే లేదు! అయినా పట్టుబట్టి సాధన చేశారు. మాస్టారి ఎదుట కచేరీ చేసి చూపించారు.

తర్వాత కొద్దిరోజులకే, ఫిబ్రవరి 3న, ఆయన కన్నుమూశారు.

‘వచ్చే నెల చూద్దాంలే’ అనుకుని ఉంటే? ఆ బ్యాండు మోగేది, వినాల్సిన మనిషే ఉండేవారు కాదు.

మీకూ ఓ మాస్టారు ఉండే ఉంటారు. ఈ ఆదివారం మ్యాట్నీ మానేసినా ఫర్వాలేదు, ఒకసారి వెళ్లి పలకరించి రండి!