అడగని ప్రశ్న

మొన్న సెలవుల్లో నాకు మోటారు సైకిలు లైసెన్సు వచ్చింది. పట్టపగలు ఎనిమిది అంకె వేసి, కాలు కింద పెట్టకుండా తిప్పి ప్యాసయ్యాను. లైటు ఎప్పుడు దించాలో ఎవరూ అడగలేదు.

ఆ వారమే రాత్రిపూట నాన్నను వెనక కూర్చోబెట్టుకుని పొలం నుండి వస్తున్నాను. ఎదురుగా కారు హైబీములో వచ్చింది. పంతానికి నేనూ దించలేదు. కళ్లు బైర్లు కమ్మాయి. తేరుకునేసరికి ముందు వెనకదీపం లేని ట్రాక్టరు ట్రక్కు! వెంట్రుకవాసిలో తప్పించుకున్నాం.

"వాడు దించకపోతే నువ్వు దించరా! ఇద్దరిలో ఒక్కడికైనా చూపుండాలి గదా!" అన్నాడు నాన్న.

60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. చెదిరిన చూపు కుదుటపడటానికి కొన్ని సెకన్లు పడుతుంది. లెక్క మీరే వేసుకోండి.

2017 ఏప్రిల్ నుండి కొత్త మోటారు సైకిళ్లకు లైటు దానంతటదే వెలుగుతోంది. దించే పని మాత్రం మన బొటనవేలిదే. హైబీము, లోబీము, ఇండికేటరు, బ్రేకు లైటు - పరీక్షలో ఇవి అడగడానికి రెండు నిమిషాలు చాలవా? అధికారులు ఆలోచించాలి. రైతుబిడ్డలమైన మనం కూడా మన ట్రక్కుల వెనక ఎర్రదీపం వెలుగుతోందో లేదో ఈ రాత్రే చూసుకుందాం.

- బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి