కొన్నది ఆట, దక్కింది అనుమతి

జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ తన వియ్ యూ, త్రీడీఎస్ ఆటయంత్రాల కోసం ఇంటర్నెట్‌లో నడిపిన దుకాణాలను 2023 మార్చి 27న మూసివేసింది. అందుకు కొద్ది రోజుల ముందు అమెరికాలో ఒక యూట్యూబ్ వ్యాఖ్యాత ఆ రెండు దుకాణాల్లోని ఆటలన్నింటినీ తాను కొనేసినట్లు ప్రకటించారు. వియ్ యూ ఆటలు 866, త్రీడీఎస్ ఆటలు 1,547, వెరసి 2,413. ఇందుకు ఆయన వెచ్చించింది 22,791 డాలర్లు. అప్పటి మారకం విలువ ప్రకారం సుమారు పద్దెనిమిదిన్నర లక్షల రూపాయలు. దాదాపు ఏడాదిపాటు సాగిన ఈ కొనుగోలు వెనుక వ్యాపార ఉద్దేశం లేదు. దుకాణం మూతపడితే మరెక్కడా దొరకని ఆటలు అంతరించిపోకుండా చూడాలన్నదే ఆయన తాపత్రయం.

ఇంత సొమ్ము ధారపోసినా ఆ ఆటలు ఆయన సొత్తు కావు. ఖాతా తెరిచేటప్పుడు అంగీకరించిన ఒప్పందం ప్రకారం ఆయనకు సంక్రమించింది వాటిని వాడుకునే లైసెన్సు మాత్రమే. దానిని మరొకరికి అమ్మరాదు, బదలాయించరాదు, అద్దెకివ్వరాదు. ఈ సంపూర్ణ సేకరణను రేపు ఒక గ్రంథాలయానికి దానం చేయదలచినా ఆయన ఇవ్వగలిగింది యంత్రాన్నే కాని, అందులోని హక్కును కాదు. ఇదివరకే కొన్న ఆటలను మున్ముందు కూడా తిరిగి డౌన్‌లోడ్ చేసుకోవచ్చునని నింటెండో చెప్పిన మాట నిజమే. అయితే అది ఎంతకాలమన్నది చెప్పలేదు. యంత్రంలోని నిల్వ పరికరం చెడిపోయిననాడు సంస్థ సర్వర్లు పనిచేస్తుంటే ఆట ఉన్నట్లు, లేకుంటే లేనట్లు.

ఇది ఒక్క నింటెండో పద్ధతి కాదు. అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 2003లో ప్రారంభించిన స్టీమ్, కంప్యూటర్‌పై ఆడే ఆటలకు నేడు అతి పెద్ద అంగడి. 2015 నుంచి మన దేశంలోని వారికి రూపాయల్లోనే ధరలు చూపుతోంది. దాని ఒప్పందం ఖాతాదారులను కొనుగోలుదారులని కాక చందాదారులని వ్యవహరిస్తుంది. ఆటలు లైసెన్సుకు ఇచ్చినవే తప్ప అమ్మినవి కావంటుంది. ఖాతాను వీలునామా ద్వారా వారసులకు ఇవ్వవచ్చునా అని 2024లో ఒకరు ఆరా తీయగా, వీలుకాదని ఆ సంస్థ సహాయక విభాగం సమాధానమిచ్చింది. తండ్రి బీరువాలోని పుస్తకాలు బిడ్డలకు వస్తాయి, అటకమీది పాత క్యాసెట్లు సైతం వస్తాయి. జీతంలోంచి మిగిల్చి ఇరవై ఏళ్లు పోగుచేసిన ఆటలు మాత్రం ఖాతాదారుతోనే ముగిసిపోతాయి.

వారసత్వం మాట అటుంచితే, కొన్న మనిషి బతికి ఉండగానే ఆట మాయమైన ఉదంతం లేకపోలేదు. ఫ్రాన్స్‌కు చెందిన యూబీసాఫ్ట్ 2014 డిసెంబరులో విడుదల చేసిన ‘ది క్రూ’ అనే కార్ల పందేల ఆట సర్వర్లను 2024 మార్చి 31న నిలిపివేసింది. ఒంటరిగా ఆడుకోవాలన్నా సర్వర్‌తో సంబంధం ఉండి తీరాలన్నది ఆ ఆట నిర్మాణం. దానితో పెట్టె కట్టి అమ్మిన డిస్కులు కూడా అక్కరకు రాకుండా పోయాయి. అంతటితో ఆగక ఆ సంస్థ ఖాతాల నుంచి లైసెన్సులనే తొలగించింది. ఇటీవలే కొన్నవారికి తప్ప మిగిలిన వారికి సొమ్ము వాపసు లేదు. కాలిఫోర్నియాలో కొందరు కొనుగోలుదారులు 2024 నవంబరులో దావా వేయగా, వారు కొన్నది పరిమితమైన లైసెన్సే కాని ఆటను కాదని సంస్థ వాదించింది. దుకాణంలో కొనుగోలు అని రాసి, న్యాయస్థానంలో లైసెన్సు అని చెప్పడంలోనే ఈ వివాదం యావత్తూ ఇమిడి ఉంది.

ఈ వ్యవహారంపై ఐరోపాలో ఆగ్రహం పెల్లుబికింది. అమ్మిన ఆటను ఆడుకోదగిన స్థితిలోనే విడిచిపెట్టాలని కోరుతూ యూరోపియన్ యూనియన్ పౌరులు సమర్పించదలచిన వినతిపై 2025 జూలై నాటికి పది లక్షలకు మించి సంతకాలు పోగయ్యాయి. కాలిఫోర్నియా శాసనసభ మరో మార్గం ఎంచుకుంది. 2025 జనవరి 1న అమలులోకి వచ్చిన అక్కడి చట్టం ప్రకారం, ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా తెలియజేయకుండా డిజిటల్ సరకుల విషయంలో ‘కొనుగోలు’ అన్న మాట వాడరాదు. శాశ్వతంగా దించుకుని, ఇంటర్నెట్ లేకుండానే వాడుకునేందుకు వీలైన వాటికి ఈ నిబంధన వర్తించదు. చట్టం అమలుకు ముందే, 2024 అక్టోబరులో, స్టీమ్ తన చెల్లింపు పుటలో ఈ మేరకు ఒక వాక్యం చేర్చింది. వాస్తవం ఒక్క వాక్యంలో చెప్పదగినదేనని దీనితో రుజువైంది. అది చెప్పడానికి ఇరవై ఏళ్లు పట్టడమే విడ్డూరం.

అమ్మకందారు తన షరతులను సరకుకు అంటించి పంపే ధోరణి కొత్తది కాదు. అమెరికాలో బాబ్స్ మెరిల్ అనే ప్రచురణ సంస్థ ఒక నవల లోపల, దీనిని ఒక డాలరుకు తక్కువగా అమ్మితే కాపీరైట్ ఉల్లంఘనే అవుతుందని అచ్చువేసింది. మేసీస్ దుకాణం దానిని 89 సెంట్లకే అమ్మింది. ఒకసారి అమ్మిన ప్రతిపై ప్రచురణకర్త పెత్తనం చెల్లదని 1908లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాత పుస్తకాల అంగళ్లు చట్టబద్ధంగా మనగలుగుతున్నది ఈ సూత్రం మీదనే. సాఫ్ట్‌వేర్ సంస్థలు ‘అమ్మకం’ అన్న మాటనే ఒప్పందం నుంచి తీసివేసి ఈ సూత్రాన్ని తప్పించుకున్నాయి. 2010లో ఆటోడెస్క్ కేసులో అమెరికా అప్పీలు న్యాయస్థానం వారి పక్షానే నిలిచింది. ఐరోపా న్యాయస్థానం మాత్రం 2012లో ఒరాకిల్ కేసులో, కాలపరిమితి లేకుండా సొమ్ము తీసుకుని ఇచ్చిన లైసెన్సు అమ్మకమే అవుతుందని, కొన్నవాడు దానిని తిరిగి అమ్ముకోవచ్చునని తేల్చింది. ఆ వెలుగులో ఫ్రాన్స్‌లోని ఒక వినియోగదారుల సంఘం స్టీమ్‌పై 2019లో పారిస్‌లో గెలిచింది. కానీ ఆటలో సంగీతం, చిత్రాలు కూడా ఉంటాయి కనుక అది కేవలం సాఫ్ట్‌వేర్ కాదంటూ అప్పీలు న్యాయస్థానం 2022లో ఆ తీర్పును తిరగదోడింది.

మన దేశంలో పరిస్థితి మరింత విచిత్రం. పెట్టెలో పెట్టి అమ్మే సిద్ధ సాఫ్ట్‌వేర్‌పై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1957 నాటి సాధారణ అమ్మకం పన్ను చట్టం కింద పన్ను విధించగా టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ ప్రతిఘటించింది. సాఫ్ట్‌వేర్ అంటే మేధాసంపత్తి, చేతికి చిక్కని వస్తువు, కనుక అది సరకు కాదన్నది ఆ సంస్థ వాదన. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లగా, ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2004 నవంబరు 5న రాష్ట్ర ప్రభుత్వ వాదననే ఖాయపరిచింది. ఒక భావన పుస్తకంలోకో, చిత్రపటంలోకో, డిస్కులోకో ఎక్కి అంగడికి వచ్చాక అది సరకేనని, పన్ను కట్టవలసిందేనని స్పష్టం చేసింది. 2021 మార్చి 2న మరో తీర్పులో సుప్రీంకోర్టు, విదేశీ సంస్థల సాఫ్ట్‌వేర్‌కు చెల్లించే సొమ్ము రాయల్టీ కిందికి రాదని చెబుతూ, ఒప్పందంలో లైసెన్సు అని ఉన్నప్పటికీ ఆ లావాదేవీ సారాంశంలో సరకు అమ్మకమేనని అభిప్రాయపడింది.

ఈ రెండు తీర్పులూ పన్ను వివాదాల్లో వచ్చినవే కావడం గమనార్హం. మొదటి దానిలో లాభపడింది రాష్ట్ర ఖజానా, రెండవ దానిలో సాఫ్ట్‌వేర్ సంస్థలు. సరకు కొన్నవాడికి ఉండవలసిన హక్కులు తనకు ఉన్నాయా అని ఆ సరకు కొన్న సామాన్యుడు అడిగిన కేసు ఇంతవరకు ఆ మెట్టు ఎక్కలేదు. పైగా డిస్కు పోయి డౌన్‌లోడ్ వచ్చాక అదే ఆటను జి.ఎస్.టి. చట్టం సేవగా పరిగణించి 18 శాతం వసూలు చేస్తోంది. సరకైనా సేవైనా పన్ను తప్పలేదు. యాజమాన్యం ఒక్కటే ఎటూ దక్కలేదు.

చట్టంలో ఆసరా బొత్తిగా లేదని కాదు. కంప్యూటర్ ప్రోగ్రాము ప్రతి అంతకుముందు అమ్ముడైనదైనా సరే, తిరిగి అమ్మే హక్కు కాపీరైట్ యజమానిదే అన్న మాటలను 1999 సవరణ తొలగించింది. నష్టం నుంచి కాపాడుకునేందుకు అదనపు ప్రతి తీసుకునే హక్కును కూడా కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ఇస్తున్నది. అయితే డిజిటల్ తాళాలను ఉల్లంఘన ఉద్దేశంతో ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలుశిక్ష అని 2012 సవరణ హెచ్చరిస్తున్నది. ఉద్దేశం ఏమిటన్నది తేల్చుకునేదాకా న్యాయస్థానాల చుట్టూ తిరగడానికి, మూడు వేల రూపాయల ఆట కొన్న యువకుడు సాహసిస్తాడా?

సంస్థల ఇబ్బందులను పూర్తిగా తోసిపుచ్చలేము. సర్వర్ల నిర్వహణకు ఖర్చవుతుంది. ఆడేవారు వందల్లో మిగిలినప్పుడు దానిని ఎల్లకాలం భరించమనడం సమంజసం కాదు. నిజమైన కార్ల పేర్లు, సినిమా పాటలు వాడుకున్న ఆటలకు ఆ అనుమతులు గడువు తీరితే అమ్మకం ఆపక తప్పదు. కానీ అమ్మకం ఆపడం వేరు, అమ్మినదానిని వెనక్కు లాక్కోవడం వేరు. గూగుల్ తన స్టేడియా సేవను 2023 జనవరిలో మూసివేసినప్పుడు ఆటల కోసం చెల్లించిన సొమ్మును వాపసు ఇచ్చింది. పోలెండ్‌కు చెందిన జి.ఓ.జి. దుకాణం 2008 నుంచి తాళాలు లేని ఆటలనే అమ్ముతూ వ్యాపారం సాగిస్తున్నది. యూబీసాఫ్ట్ సైతం, గగ్గోలు పుట్టిన తర్వాత, ‘ది క్రూ’ తరువాతి ఆటలను సర్వర్ లేకుండా ఆడుకునే ఏర్పాటు చేస్తామని 2024 సెప్టెంబరులో ప్రకటించింది. సాంకేతికంగా అసాధ్యమన్న మాట దీనితో వీగిపోయినట్లే.

మరో నష్టం కూడా ఉంది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు అంగడిలో దొరకడం లేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించింది. పరిశోధకులు వాటిని దూరం నుంచి చూసుకునే వీలు గ్రంథాలయాలకు కల్పించాలన్న విజ్ఞప్తిని ఆ దేశపు కాపీరైట్ కార్యాలయం 2024 అక్టోబరులో తిరస్కరించింది. మన దేశంలో 1954 నాటి చట్టం పుణ్యమా అని అచ్చయిన ప్రతి పుస్తకం కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, చెన్నైలోని కన్నెమెరాకు చేరవలసి ఉంది. అందుకే ఎన్నో పాత తెలుగు పుస్తకాలు నేటికీ అక్కడ దొరుకుతున్నాయి. సాఫ్ట్‌వేర్‌కు ఆ చట్టంలో చోటు లేదు. హైదరాబాద్, బెంగుళూరు, పుణె నగరాల్లో వేలాది యువకులు రూపొందిస్తున్న ఆటలు రేపు ఏ గ్రంథాలయంలోనూ కనిపించవు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటలపై చట్టం చేసింది. దాని దృష్టి అంతా డబ్బు పెట్టి ఆడే పందేల మీదనే. కొన్న ఆటపై హక్కు ఊసు అందులో లేదు. వినియోగదారులను మభ్యపెట్టే 13 రకాల ఆన్‌లైన్ పోకడలను గుర్తించి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు జారీ చేసింది. లైసెన్సును కొనుగోలుగా చూపడం ఆ జాబితాలో విడిగా లేదు. దీనిని పద్నాలుగో అంశంగా చేర్చడానికి కొత్త చట్టం అక్కరలేదు. ఆట ఎంతకాలం పనిచేస్తుందో, మూసివేతకు ఎన్ని నెలల ముందు తెలియజేస్తారో చెల్లింపుకు ముందే ప్రకటించాలన్న నిబంధనను కూడా అందులోనే పొందుపరచవచ్చు.

సహేతుక కారణం లేకుండా ఒక పక్షం ఏకపక్షంగా రద్దు చేసుకునే వీలున్న ఒప్పందాన్ని అన్యాయమైన ఒప్పందంగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్వచించింది. ఆటల లైసెన్సులకు ఇంతకంటె సరిపోయే నిర్వచనం వెతికినా దొరకదు. అయితే అటువంటి ఫిర్యాదులను జిల్లా కమిషన్లు స్వీకరించజాలవు. రాష్ట్ర కమిషన్‌కు గాని, జాతీయ కమిషన్‌కు గాని వెళ్లవలసిందే. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో మూడు వేల రూపాయల ఆట పోగొట్టుకున్న వ్యక్తి, ఆ ఒప్పందమే అన్యాయమని చెప్పాలంటే రాష్ట్ర కమిషన్ దాకా వెళ్లాలి. దారి ఖర్చులే ఆట ధరను మించిపోయే ఈ నిబంధనను కేంద్ర ప్రభుత్వం సవరించి, స్వల్ప మొత్తాల విషయంలోనైనా జిల్లా కమిషన్లకు ఆ అధికారం అప్పగించాలి.