వైర్‌లెస్సు కార్డు - చిప్పు పేరు అడిగి కొనండి

లినక్సులో వైఫై రాలేదనుకోండి. ముందు లినక్సుని తిట్టడం, తర్వాత పక్క సీటు వాణ్ణి పిలవడం, వాడొచ్చి టెర్మినల్లో నాలుగు లైన్లు కొట్టి "ఇక కెర్నల్ అప్‌డేట్ మాత్రం చెయ్యొద్దు గురూ" అని హెచ్చరించి పోవడం... మన ఆఫీసుల్లో ఇరవై ఏళ్ళుగా నడుస్తున్న తంతే ఇది. నా ఉద్దేశంలో తిట్టాల్సింది లినక్సుని కాదు. కార్డు తయారుచేసి, దానికి డ్రైవరు రాయడానికి కావలసిన సమాచారాన్ని మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకున్నవాణ్ణి.

పాత కథ కొంచెం చెప్పాలి. 2000ల మధ్యలో ల్యాపుటాపుల్లో బ్రాడ్‌కామ్ చిప్పులు తెగ వచ్చేవి. లినక్సుకి ఆ కంపెనీ డ్రైవరూ ఇవ్వలేదు, డాక్యుమెంట్లూ ఇవ్వలేదు. కొంతమంది కుర్రాళ్ళు కూర్చుని రివర్స్ ఇంజనీరింగ్ చేసి రాసిన డ్రైవరు 2006లో 2.6.17 కెర్నల్లోకి వచ్చింది. సరే వచ్చింది కదా అనుకుంటే, దానికి ఫర్మ్‌వేరు కావాలి. ఆ ఫర్మ్‌వేరుని పంచిపెట్టే లైసెన్సు ఎవరికీ లేదు. కాబట్టి విండోస్ డ్రైవరుని డౌన్‌లోడ్ చేసి, బీ43-ఎఫ్‌డబ్ల్యూకట్టర్ అనే పనిముట్టుతో అందులోంచి ఫర్మ్‌వేరుని కోసి తీసుకోవాలి. డౌన్‌లోడ్ చెయ్యాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే ఫర్మ్‌వేరు కావాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు!

ఎన్‌డిస్‌ర్యాపర్ అని ఇంకో విచిత్రం ఉండేది. విండోస్ డ్రైవరునే తెచ్చి లినక్సు కెర్నల్లో నడిపించడం. పనిచేసేది, కాదనను. కానీ ఎవడో రాసిన, లోపలేముందో ఎవరికీ తెలియని బైనరీని కెర్నల్లో కూర్చోబెట్టి, మెషీను హ్యాంగ్ అయితే లినక్సు డొల్ల అనడం ఎంతవరకు న్యాయం?

సమాచారం ఎందుకివ్వరయ్యా అంటే అప్పట్లో వినిపించిన జవాబు ఒకటుంది. వైర్‌లెస్సు కార్డంటే రేడియో. ఏ ఫ్రీక్వెన్సీలో, ఎంత పవరుతో ప్రసారం చెయ్యాలన్నది సాఫ్టువేరు చేతిలో ఉంటుంది. కోడు బయటపెడితే జనం ఇష్టమొచ్చినట్టు మార్చేస్తారు, అమెరికాలో ఎఫ్‌సీసీ ఒప్పుకోదు అని. అథెరోస్ చిప్పులకి వాడిన మ్యాడ్‌వైఫై డ్రైవరులో సగం ఓపెన్, మిగతా సగం హాల్ అనే మూసిన డబ్బా. ఆ మూతకి చెప్పిన కారణం ఇదే. మరి అదే అథెరోస్ 2008లో ఏథ్9కే డ్రైవరుని పూర్తి సోర్సుతో విడుదల చేసింది. 2010లో బ్రాడ్‌కామ్ కూడా తన కొత్త చిప్పులకి ఓపెన్ సోర్స్ డ్రైవరు ఇచ్చింది. ఆకాశం ఏమీ ఊడిపడలేదు. అంటే అడ్డం వచ్చింది చట్టం కాదన్నమాట, మనసు.

"ఇప్పుడివన్నీ ఎందుకండీ, ఇవాళ ఉబుంటు వేస్తే వైఫై దానంతటదే వస్తోంది కదా" అంటారేమో. ఇంటెల్ కార్డయితే వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ చవక ల్యాపుటాపుల సంగతి చూడండి. వాటిలో విరివిగా వచ్చిన రియల్‌టెక్ 8821సీఈ చిప్పుకి కెర్నల్లో సరైన సపోర్టు 2020 చివర్లో వచ్చిన 5.9తో గానీ రాలేదు. అప్పటిదాకా గిట్‌హబ్‌లో ఎవరో పుణ్యాత్ముడు పెట్టిన కోడుని డీకేఎంఎస్‌తో కంపైల్ చేసుకోవడమే గతి. కెర్నల్ మారిన రోజు అది కంపైల్ అవ్వదు, ఆ రోజు వైఫై ఉండదు. పక్క సీటు వాడి హెచ్చరిక ఇక్కణ్ణించే పుట్టింది. అంటే ఒక కార్డు కోసం సెక్యూరిటీ ప్యాచ్‌లన్నీ మానుకుని కూర్చోవాలి! 2017లో డబ్ల్యూపీఏ2లోనే క్రాక్ అనే లోపం బయటపడింది. దాన్ని సరిచెయ్యాలంటే క్లయింట్ సాఫ్టువేరు మార్చి తీరాలి. "అప్‌డేట్ చెయ్యొద్దు" అని సలహా ఇచ్చేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

సరే, చూసి కొందామంటే డబ్బా మీద చిప్పు పేరుండదు. ఉండేది మోడల్ నంబరు, దాన్ని నమ్మడానికి లేదు. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ అనే యూఎస్‌బీ అడాప్టరు మొదటి వెర్షన్లో అథెరోస్ ఏఆర్9271 ఉండేది, లినక్సులో పెట్టగానే పనిచేసేది. రెండో వెర్షన్లో రియల్‌టెక్ చిప్పు పెట్టారు. పేరు అదే. వేరే డ్రైవరు, వేరే తలనొప్పి. బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా లోపలేముందో అచ్చు వేస్తారు కదండీ, కార్డు డబ్బా మీద వెయ్యడానికేం?

డ్రైవరు బాగున్నా తిప్పలు తప్పని కేసు ఒకటి చెప్తాను. మా అక్కయ్య కొడుకు గుంటూరులో ఇంజనీరింగు చదివేటప్పుడు అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన ల్యాపుటాపు వాడేవాడు. ఓ సాయంత్రం ఫోను. "మామయ్యా, హాస్టల్ వైఫై ఫోన్లో వస్తోంది, ల్యాపుటాపులో అసలు పేరే కనపడట్లేదు. రేపు పొద్దున ఆన్‌లైన్ టెస్టు." డ్రైవరు లోడయ్యింది, పక్కింటి వైఫైలు కనపడుతున్నాయి, హాస్టల్‌ది ఒక్కటే లేదు. "ఒరే, ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి ఛానెల్ నంబరు చూడు" అన్నాను. 13. అమెరికాలో మామూలు వాడకం 11 దాకానే, మన దగ్గర 13 దాకా వాడుకోవచ్చు. కార్డులో దేశం అమెరికా అని రాసి ఉంటే అది 12, 13 వైపు చూడనే చూడదు. లినక్సులో 'ఐడబ్ల్యూ రెగ్ సెట్ ఐఎన్' కొట్టినా కొన్ని కార్డులు వినవు, విండోస్ వేసినా అంతే. వార్డెన్‌ని బతిమాలి రూటరుని 6కి మార్పించాడు, వచ్చేసింది. అమెరికా ల్యాపుటాపులు ఇన్ని వాడే మనవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువే.

మీ మెషీన్లో ఏ చిప్పుందో చూడాలంటే 'ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే' కొట్టండి. తయారీదారు ఐడీ, చిప్పు ఐడీ, ఏ డ్రైవరు పట్టుకుందీ అన్నీ వస్తాయి. (ఇంటెల్ ఐడీ 8086. 1978 నాటి ప్రాసెసర్ నంబరే. ఇంజనీర్లకీ సరదాలుంటాయి.) డ్రైవరు లైను లేకపోతే ఆ ఐడీతో వెతకండి, మోడల్ పేరుతో కాదు. ఆలోగా ఇంటర్నెట్ కావాలంటే ఆండ్రాయిడ్ ఫోనుని కేబులుతో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి. కంప్యూటరు దాన్ని మామూలు ఈథర్‌నెట్‌లా చూస్తుంది, వైఫై డ్రైవరుతో పనే లేదు. 2006లో ఈ సౌకర్యం ఉంటే ఎన్ని రాత్రుళ్ళు మిగిలేవో!

కార్డు మార్చేద్దాం అనుకునేవాళ్ళు ఇంకోటి చూసుకోండి. ఇంటెల్ ఏఎక్స్210 మామూలు పీసీఐఈ కార్డు, ఏఎమ్‌డీ మెషీన్లలోనూ పనిచేస్తుంది. ఏఎక్స్211 అలా కాదు, దానికి సీఎన్‌వీఐ ఉన్న ఇంటెల్ ప్రాసెసరు ఉండాలి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, నంబర్లో తేడా ఒకటే అంకె. ఇక కార్డుని బోర్డుకే సోల్డర్ చేసిన ల్యాపుటాపయితే మార్చే ప్రసక్తే లేదు.

డెబియన్ వాళ్ళు 2022లో ఓటింగు పెట్టుకుని, నాన్-ఫ్రీ ఫర్మ్‌వేరుని ఇన్‌స్టాలర్లోనే ఇవ్వాలని తేల్చారు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అలాగే ఇస్తున్నారు. సిద్ధాంతం వదిలేశారని కొందరు బాధపడ్డారు. నాకైతే మంచి పని చేశారనిపించింది. వైఫై లేని మెషీను ముందు కూర్చున్న కుర్రాడికి స్వేచ్ఛ గురించి పాఠం చెప్తే వాడు ఎటు పోతాడో మనకి తెలీదా?

వంద ల్యాపుటాపులు ఒకేసారి ఆర్డరు పెట్టే కంపెనీల్లో మనవాళ్ళు బోలెడుమంది పనిచేస్తున్నారు. స్పెసిఫికేషన్లో ర్యామ్ ఎంత, డిస్కు ఎంత అని రాసే చోటే ఇంకో లైను రాయించండి: వైర్‌లెస్ చిప్పు పేరు చెప్పాలి, దాని డ్రైవరు మెయిన్‌లైన్ కెర్నల్లో ఉండాలి, కార్డు విప్పి మార్చుకునేలా ఉండాలి. నేను విడిగా వెళ్ళి అడిగితే షాపువాడు నవ్వుతాడు. వంద మెషీన్ల ఆర్డరు చేతిలో ఉన్నవాడు అడిగితే కాయితం తీసి రాసుకుంటాడు.