గడువు చెల్లిన విండోస్ 10

మైక్రోసాఫ్టు కంపెనీవారు 2025 అక్టోబరు 14వ తేదీన విండోస్ 10 పోషణమును చాలించిరి. యంత్రము లాగిపోలేదు, యథాప్రకారము నడచుచుండుటయే ప్రమాదము. క్రొత్తగా బయటపడు లోపములకు దిద్దుబాట్లు రావు. పేరు నమోదు చేసికొన్న గృహస్థులకు మాత్రము 2026 అక్టోబరు 13 వరకు గడువిచ్చిరి. అది వాయిదాయే గాని తీర్పు గాదు.

2017 మే మాసమున వానాక్రై అను దుష్టప్రోగ్రాము దేశదేశముల కంప్యూటర్లలోని పత్రములకు తాళము వేసి పైకము కోరెను. మన ఆంధ్ర పోలీసుల యంత్రములును కొన్ని చిక్కెను. దిద్దుబాటు మార్చిలోనే వెలువడియుండెను. దానిని వేసికొననివారికే ఆ గతి పట్టగా, దిద్దుబాటే లేనివారి మాట నేమనవలెను?

విండోస్ 11నకు మారుడని కంపెనీవారి సలహా. టీపీఎం 2.0 అను రక్షణసాధనము లేని యంత్రమును అది అంగీకరింపదు. చక్కగా పనిచేయు యంత్రమును పరదేశపు కంపెనీ మాటపై పారవేయనేల? ఉబుంటు ఉచితముగా లభించును. ఈ-కోర్టుల పథకమున జిల్లా న్యాయస్థానములు దానినే స్వీకరించినవి. దానివలన వ్యాజ్యము వాయిదా పడుట నే నెరుగను. వాయిదాలకు మాకు వేరు కారణములు చాలును.

ముద్రాశాలలవారికిది సులభము గాదు. పేజ్‌మేకరున పాత తెలుగు ఫాంట్లతో కూర్చిన పుటలు ఉబుంటునందు తిన్నగా తెరచుకొనవు. వారు ఆ యంత్రమును ఇంటర్నెట్టునుండి విడదీసి కూర్పునకే ఉంచుకొనవలెను. పఠనమందిరముల కార్యదర్శులు సభ్యుల పట్టికలను, గ్రంథముల జాబితాలను ముందుగా వేరొక డిస్కునకు నకలు తీసి, ఆ నకలు తెరచుకొనునో లేదో చూచి, పిమ్మటనే క్రొత్తదానిని ఎక్కింపవలెను.